సీఆర్పీ ఎందుకు తగ్గలేదు: నా చిగుళ్ళ జబ్బు, చికిత్స

ఏడాదికి పైగా నా రక్తపరీక్షల్లో రెండు అంకెలు దిగిరాలేదు. మొదటిది మూడు నెలల సగటు చక్కెరను తెలిపే హెచ్‌బిఏ1సి, అది 8.4 శాతం దగ్గర నిలిచిపోయింది. రెండవది శరీరంలో ఎక్కడైనా వాపు (ఇన్‌ఫ్లమేషన్) ఉంటే పెరిగే హెచ్‌ఎస్-సీఆర్పీ, అది లీటరుకు 5.8 మిల్లీగ్రాములు ఉంది. పొద్దుటి నడక పెంచాను, రాత్రి అన్నం మానేశాను, మా ఫిజీషియన్ గారు మాత్రల మోతాదు కూడా పెంచారు, అయినా చక్కెర తగ్గినట్టే తగ్గి మళ్ళీ ఎక్కేది. నేను కాకినాడ దగ్గర ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. వయసు యాభై దాటింది, షుగరు వచ్చి చాలాకాలమైంది. రోజూ అంకెలతో పనిచేసేదాన్ని కాబట్టి ఆ రెండింటి వెనక కారణమేమిటో తెలియకుండా ఊరుకోలేకపోయాను. ఆ కారణంలో పెద్ద భాగం నా నోట్లోనే ఉందని తెలియడానికి చాలా కాలం పట్టింది.

సీఆర్పీ అనే మాట మన ఇళ్ళలోకి కరోనాతో వచ్చింది. 2021 వేసవిలో డి-డైమర్ ఎంత, ఐఎల్-6 ఎంత, సీటీ స్కోరు ఎంత అని బంధువులందరూ ఫోన్లలో ఒకరినొకరు అడిగి భయపడిన రోజులు ఎవరూ మరిచిపోలేదు. అప్పుడు సీఆర్పీ వంద దాటిందంటే గుండె జారిపోయేది. ఆ అంకెల పక్కన నా 5.8 చాలా చిన్నదిగా కనిపిస్తుంది గాని, కొద్దిమొత్తాలను కూడా కచ్చితంగా కొలిచే ఈ పరీక్షను చదివే పద్ధతి వేరు. గుండెజబ్బు ముప్పును అంచనా వేసేటప్పుడు అది 1 కన్నా తక్కువుంటే ముప్పు తక్కువని, 1 నుంచి 3 దాకా మధ్యస్థమని, 3 దాటితే ఎక్కువని లెక్క వేస్తారు. 10 దాటితే అప్పటికప్పుడు ఏదో ఇన్ఫెక్షనో గాయమో ఉందని భావించి, అది తగ్గాక పరీక్ష మళ్ళీ చేయిస్తారు. ఈ ప్రోటీనును 1930లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు పరిశోధకులు న్యుమోనియా రోగుల రక్తంలో గుర్తించారు. దీన్ని తయారుచేసేది కాలేయం. శరీరంలో ఏ మూలనైనా వాపు ప్రక్రియ మొదలైతే అక్కడి కణాలు ఐఎల్-6 అనే సంకేతాన్ని రక్తంలోకి వదులుతాయి, ఆ సంకేతం అందిన కాలేయం సీఆర్పీని పెంచుతుంది. అందువల్ల సీఆర్పీ పెరిగితే ఎక్కడో వాపు ఉందని మాత్రమే తెలుస్తుంది, అది ఎక్కడుందో తెలియదు.

కాబట్టి వెతికారు. మూత్రపరీక్ష, ఛాతీ ఎక్స్‌రే, థైరాయిడ్, కీళ్ళవాతానికి సంబంధించిన పరీక్షలు అన్నీ మామూలుగానే వచ్చాయి. షుగరు, నడుం చుట్టూ పేరుకున్న కొవ్వు కూడా సీఆర్పీని కొంత పెంచుతాయని ఫిజీషియన్ గారు ముందే చెప్పారు, అయినా అంతటితో ఆయనకూ తృప్తి కలగలేదు. ఒకరోజు రిపోర్టులన్నీ బల్లమీద పరుచుకుని కూర్చుని, ఉన్నట్టుండి అడిగారు: “టీచర్ గారూ, పళ్ళు తోముకునేటప్పుడు చిగుళ్ళలోంచి రక్తం వస్తుందా?”

“వస్తుందండీ, ఏళ్ళ తరబడి వస్తోంది.”

“జామకాయ కొరికితే?”

“కొరికిన చోట ఎర్రగా అంటుకుంటుందండీ.”

ఆయన ఆరోజు కొత్త మందేమీ రాయలేదు. చిగుళ్ళ జబ్బులు మాత్రమే చూసే ఒక దంతవైద్యురాలి పేరు రాసి ఇచ్చారు. షుగరు రోగిని చూసే ప్రతి వైద్యుడూ కాళ్ళు చూస్తాడు, కళ్ళ పరీక్షకు పంపుతాడు, మూత్రంలో ప్రోటీను పోతోందా అని అడుగుతాడు. నోరు తెరిచి చూపించమని అడిగినవారు ఇన్నేళ్ళలో నాకు ఈయన ఒక్కరే. ఈ ప్రశ్న ప్రతి షుగరు క్లినిక్కులో, ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో తప్పనిసరిగా అడగాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. దానికి యంత్రం అక్కర్లేదు, ఖర్చూ లేదు.

సంకేతాలు లేకపోలేదు. పొద్దున లేచేసరికి దిండు గలీబు మీద గోధుమరంగు మరక కనిపించేది. కింది ముందుపళ్ళ మధ్య సందు పెరిగింది. దవడపళ్ళతో గట్టిగా నమిలితే పన్ను కొంచెం లోపలికి దిగి మళ్ళీ పైకి వచ్చినట్టు అనిపించేది. క్లాసులో ముందు బెంచీ పిల్లలకు దగ్గరగా వంగి లెక్క దిద్దేటప్పుడు నోటి వాసన వాళ్ళకు తగులుతుందేమోనని చేతిరుమాలు అడ్డం పెట్టుకునేదాన్ని. నొప్పి మాత్రం ఎప్పుడూ లేదు. పంటి పుచ్చు నరం దాకా వెళితే మనిషిని నిద్రపోనివ్వదు. చిగుళ్ళ జబ్బు ఎముక సగం కరిగిపోయేదాకా నొప్పి తెలియనివ్వదు. మన వైపు దీన్ని పయోరియా అంటారు, వయసుతో పాటు వచ్చేదే అంటారు, ఉప్పుతో రుద్దమంటారు, క్లీనింగ్ చేయిస్తే మాత్రం పళ్ళు వదులైపోతాయని భయపెడతారు. ఆ చివరి భయం ఎక్కడి నుంచి వచ్చిందో చికిత్స అయ్యాక నాకు స్వయంగా అర్థమైంది, దాని సంగతి తరవాత రాస్తాను.

డాక్టరమ్మ మా అమ్మాయి వయసుది. మొదటిరోజు గార తీయలేదు, మందూ ఇవ్వలేదు, కొలతలు తీసింది. మిల్లీమీటర్ల గీతలున్న సన్నని లోహపు పుల్లను పంటికీ చిగురుకీ మధ్య ఉన్న సందులోకి మెల్లగా దించి, అది ఎంత లోతుకు దిగిందో చదువుతుంది. ఒక్కో పంటికి ఆరుచోట్ల, బయటివైపు మూడు, లోపలివైపు మూడు. పక్కన కూర్చున్న సహాయకురాలు రాసుకుంటూ ఉంటే ఆమె పైకి చెబుతూ పోయింది: “మూడు, రెండు, మూడు. మూడు, రెండు, నాలుగు. ఆరు, నాలుగు, ఏడు. బ్లీడింగ్.” ఆరోగ్యంగా ఉన్న చిగురులో ఆ పుల్ల ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల కంటే దిగదు, తాకితే రక్తం రాదు. నాలుగు దగ్గర జాగ్రత్తపడాలి, ఆరు దాటితే జబ్బు లోతుగా ఉన్నట్టు. కుర్చీలో వెనక్కి వాలి, నోరు తెరుచుకుని, ఏమీ మాట్లాడలేని స్థితిలో ఆ అంకెలు వింటూ నేను మనసులో సరాసరి కట్టుకోవడం మొదలుపెట్టాను. దవడల వైపుకు వెళ్ళేకొద్దీ ఏడులు ఎక్కువయ్యాయి. అది పూర్తయ్యాక ఎక్స్‌రే తీశారు. పంటి మెడకు ఒకటి రెండు మిల్లీమీటర్ల దిగువన ఉండాల్సిన ఎముక అంచు కింది ముందుపళ్ళ దగ్గర వేరు సగం దాకా జారిపోయి కనిపించింది.

2018లో అంతర్జాతీయంగా ప్రకటించిన వర్గీకరణ ప్రకారం నాది మూడవ దశ, సి గ్రేడు పీరియాడాంటైటిస్ (ఎముకదాకా పాకిన చిగుళ్ళ జబ్బు) అని చెప్పింది. దశ అంటే ఇప్పటిదాకా ఎంత నష్టం జరిగిందో చెప్పేది, గ్రేడు అంటే ఇకముందు ఎంత వేగంగా జరగవచ్చో చెప్పేది. హెచ్‌బిఏ1సి 7 గాని అంతకు మించి గాని ఉన్న షుగరు రోగిని, రోజుకు పది సిగరెట్లు గాని అంతకు మించి గాని తాగేవారిని నేరుగా సి గ్రేడులో చేరుస్తారు. అంటే మా ఫిజీషియన్ గారు చూసే అంకె ఈమె కాగితం మీద కూడా ఉంది. దంతవైద్యం వేరు, వైద్యం వేరు అన్న నా నమ్మకం ఆ కాగితంతో కదిలిపోయింది.

ఇంటికి వచ్చాక మా అక్కకు ఫోన్ చేశాను. ఆవిడ నాకంటే ఆరేళ్ళు పెద్దది, చిన్నప్పుడు ఇద్దరం ఒకే కచ్చికతో, ఒకే వేపచెట్టు పుల్లలతో పళ్ళు తోముకున్నాం. ఆవిడ పళ్ళ వెనక నాకంటే ఎక్కువ గార ఉంది. “నా పళ్ళు ఇప్పటికీ చెరుకుగడ చీలుస్తాయి కదే, నీకేమొచ్చిందే?” అని అడిగింది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, మరుసటివారం డాక్టరమ్మను అదే అడిగాను. ఆమె చెప్పిన జవాబు వల్లనే నేను ఇదంతా రాయాలనుకున్నాను.

హరాల్డ్ లో అనే నార్వే దంతపరిశోధకుడు 1965లో డెన్మార్కులోని ఆర్హుస్‌లో పన్నెండు మందితో పళ్ళు తోముకోవడం మాన్పించాడు. పది నుంచి ఇరవై ఒక్క రోజుల్లో అందరికీ చిగుళ్ళు వాచి రక్తం కారాయి. మళ్ళీ తోముకోవడం మొదలుపెట్టాక మామూలయ్యాయి. పాచి వల్లనే చిగుళ్ళు వాస్తాయని దీనితో రుజువైంది. ఆ తరవాత ఆయన బృందం 1970 నుంచి పదిహేనేళ్ళపాటు శ్రీలంక తేయాకు తోటల్లో పనిచేసే 480 మంది పురుషులను గమనిస్తూ వచ్చింది. వాళ్ళకు బ్రష్షు తెలియదు, దంతవైద్యుడు తెలియదు, అందరి పళ్ళనిండా పాచి, గార, అందరి చిగుళ్ళూ వాచే ఉన్నాయి. 1986లో ప్రచురించిన ఫలితాల్లో వాళ్ళలో 8 శాతం మందికి పళ్ళ పట్టు వేగంగా ఊడిపోయింది, 81 శాతం మందికి మధ్యస్థంగా పోయింది, 11 శాతం మందికి చిగుళ్ళ వాపు దాటి జబ్బు ముందుకే వెళ్ళలేదు. అదే తోట, అదే తిండి, అదే పాచి. తేడా పాచిని చూసి ఒక్కొక్కరి శరీరం స్పందించిన తీరులో ఉంది. మా అక్క ఆ 11 శాతం మంది వైపు మనిషి అయి ఉండవచ్చు.

“మీ ఎముకను కరిగించింది సూక్ష్మజీవులు కావు మేడమ్, మీ సొంత కణాలే” అని డాక్టరమ్మ అన్నప్పుడు నాకు నమ్మకం కలగలేదు. ఆమె ఓపిగ్గా వివరించింది. పంటికీ చిగురుకీ మధ్య సందులో సూక్ష్మజీవులు ఎప్పుడూ ఉంటాయి, రక్తంలోంచి న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలు రాత్రింబవళ్ళు ఆ సందులోకి వచ్చి వాటిని అదుపులో పెడుతూ ఉంటాయి. ఆరోగ్యమంటే ఆ పోరు లేకపోవడం కాదు, అది హద్దులో ఉండడం. పాచి పేరుకుని అందులో గాలి తగలని లోతుల్లో బతికే పోర్ఫైరోమోనాస్ జింజివాలిస్ వంటివి పెరిగినప్పుడు కణాలు ఇంటర్‌ల్యూకిన్-1 బీటా, టీఎన్ఎఫ్-ఆల్ఫా, ఐఎల్-6 వంటి సంకేతాలను ఎక్కువగా వదులుతాయి. న్యూట్రోఫిళ్ళు గుంపులుగా వచ్చి ఎంఎంపీ-8 అనే ఎంజైమును వదులుతాయి, అది పంటిని ఎముకకు పట్టి ఉంచే కొల్లాజెన్ నారలను తెంపుతుంది. అక్కడి కణాలు ర్యాంకెల్ అనే మరో సంకేతాన్ని పెంచుతాయి, అది ఎముకను కరిగించే ఆస్టియోక్లాస్టు కణాలను పుట్టిస్తుంది. ర్యాంకెల్‌ను పట్టుకుని ఆపే ఆస్టియోప్రొటెజెరిన్ అనే ప్రోటీను కూడా అక్కడే ఉంటుంది. ఆ రెండింటి పాళ్ళు తారుమారైనప్పుడే ఎముక పోతుంది. దొంగను పట్టడానికి వచ్చినవాళ్ళు దొంగ దొరకలేదని ఇంటి గోడలు పగలగొట్టుకుంటూ పోయినట్టు ఉంది నా చిగుళ్ళలో జరిగింది.

ఇంతటితో ఆగదు. వాచిన చిగురు నుంచి కారే రక్తంలో ఇనుముంటుంది, తెగిన కణజాలం నుంచి ప్రోటీను ముక్కలు వస్తాయి. ఆ లోతుల్లోని సూక్ష్మజీవులకు ఇవే ఆహారం. వాపు వాటిని చంపకపోగా పోషిస్తుంది, పెరిగిన అవి వాపును పెంచుతాయి. అందుకే ఇది తనంతట తాను తగ్గే జబ్బు కాదు.

రక్షణ కణాలు ఎక్కువైతే చెరుపు అయితే, అవి లేకపోతే మేలా అని అడిగాను. లేకపోతే ఇంకా ఘోరమని చెప్పి, ఆమె ఒక అరుదైన పుట్టుక జబ్బు గురించి చెప్పింది. ఆ జబ్బున్న పిల్లల్లో న్యూట్రోఫిళ్ళు రక్తనాళం గోడను అంటిపెట్టుకోలేవు, అందువల్ల బయటికి వచ్చి చిగుళ్ళలోకి చేరలేవు. వాళ్ళకు చిన్నతనంలోనే చిగుళ్ళు కుళ్ళి పళ్ళు ఊడిపోతాయి. కాపలా లేక సూక్ష్మజీవులు పెరిగిపోవడమే కారణమని చాలాకాలం అనుకున్నారు. 2014లో అమెరికా పరిశోధకులు చూస్తే ఆ చిగుళ్ళలో ఐఎల్-17 అనే సంకేతం విపరీతంగా ఉంది: న్యూట్రోఫిళ్ళను రమ్మని పిలిచే పిలుపు, అవి రాకపోవడం వల్ల ఎప్పటికీ ఆగకుండా మోగుతూనే ఉంది. ఆ పిలుపును అణిచే ఉస్టెకినుమాబ్ అనే మందు ఇచ్చిన ఒక రోగికి చిగుళ్ళు నయమయ్యాయని 2017లో ప్రకటించారు. మామూలు చిగుళ్ళ జబ్బుకు ఆ మందు ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. కానీ రోగనిరోధక శక్తి పెంచుకోండి, పెంచుకోండి అని ఈ కరోనా తరవాత మనం పొద్దున్నే కషాయాలు తాగుతూ వింటున్న మాట ఎంత అసంపూర్ణమైనదో నాకు ఈ ఉదాహరణతో బాగా తెలిసివచ్చింది. పెంచే ఐఎల్-17 పక్కన అణిచే ఐఎల్-10 ఉండాలి, ఉరికే టీహెచ్17 కణాల పక్కన నిలువరించే టీ-రెగ్ కణాలు ఉండాలి. నా శరీరానికి కొరవడింది బలం కాదు, ఆగడం.

షుగరు ఈ తూకాన్ని ఎలా చెడగొడుతుందో కూడా తెలుసుకున్నాను. రక్తంలో చక్కెర ఎక్కువైతే అది ప్రోటీన్లకు అంటుకుంటుంది. హిమోగ్లోబినుకు అంటుకున్న చక్కెరనే మనం హెచ్‌బిఏ1సిగా కొలుస్తున్నాం. చిగుళ్ళలోని ప్రోటీన్లకూ అదే జరుగుతుంది. అలా చక్కెర పట్టిన ప్రోటీన్లు రక్షణ కణాల మీద ఉండే గ్రాహకాలకు తగిలి వాటిని మరింత రెచ్చగొడతాయి. ఎదురు దిశలో, చిగుళ్ళలో పుట్టిన టీఎన్ఎఫ్-ఆల్ఫా, ఐఎల్-6 రక్తంలో కలిసి, ఇన్సులిన్ ఇచ్చే ఆదేశం కండరాలకూ కాలేయానికీ సరిగా అందకుండా చేస్తాయి. మాత్రలు వేసుకున్నా నా చక్కెర ఎందుకు మొండికేసిందో దీనితో చాలావరకు అర్థమైంది.

చికిత్సకు నేను మొదట అడిగింది యాంటీబయాటిక్. డాక్టరమ్మ ఇవ్వలేదు. పాచి అంటే విడివిడి సూక్ష్మజీవులు కావని, జిగురు పొరలో ఒకదానిమీద ఒకటి పేరుకుని ఉంటాయని, ఆ పొరను చేత్తో చెదరగొట్టకుండా ఎన్ని మాత్రలు మింగినా లాభం తక్కువని చెప్పింది. దవడలో ఒక్కోవైపు మత్తు సూది ఇచ్చి, ముందు అల్ట్రాసోనిక్ పరికరంతో, తరవాత క్యూరెట్ అనే వంపు తిరిగిన చేతి పనిముట్టుతో చిగురు అడుగున వేరును గీకింది. పైన కనిపించే గార పసుపుగా ఉంటుంది. చిగురు కింద దాగినది రక్తపు రంగు పీల్చుకుని నల్లగా, బొగ్గురవ్వలా ఉంది. గాజుగుడ్డ మీద తుడిచి నాకు చూపించింది. మత్తు వల్ల నొప్పి లేదు గాని ఆ గీకుడు చప్పుడు దవడ ఎముకలోంచి నేరుగా చెవిలోకి వచ్చేది, వేరు నున్నబడేకొద్దీ ఆ చప్పుడు గరుకుతనం పోయి సన్నగా మారేది. వింటూ ఉంటే పని ఎక్కడిదాకా వచ్చిందో నాకే తెలిసిపోయేది.

గీకించుకున్న రోజు రాత్రి ఒళ్ళు వెచ్చబడింది, నీరసంగా అనిపించింది. ఇది ముందే చెప్పారు కాబట్టి కంగారు పడలేదు. లండన్‌లో 120 మంది రోగులతో చేసి 2007లో ప్రచురించిన ఒక పరిశోధనలో, చిగుళ్ళ చికిత్స జరిగిన మర్నాడు సీఆర్పీ, ఐఎల్-6 పెరిగాయి, రక్తనాళాలు వ్యాకోచించే శక్తి కొంత తగ్గింది; ఆరు నెలలకు అదే రోగుల రక్తనాళాలు, మామూలు క్లీనింగ్ మాత్రమే జరిగినవారికంటే మెరుగ్గా పనిచేశాయి. అందుకే చికిత్స అయిన వెంటనే రక్తపరీక్ష చేయించవద్దని, మూడు నెలలు ఆగమని చెప్పారు.

ఇంట్లో చేసే పని చికిత్సలో సగం. మెత్తని బ్రష్షును చిగురు అంచుకు ఏటవాలుగా, 45 డిగ్రీల కోణంలో ఆనించి, చిన్న చిన్న కదలికలతో తోమాలి. కోణం అనగానే నాకు సులువుగా పట్టుబడింది. పళ్ళ సందుల్లోకి సీసా కడిగే బ్రష్షు రూపంలో ఉండే చిన్న బ్రష్షులు వాడాలి. ఒక్కో సందుకు ఒక్కో సైజు సరిపోతుంది, వదులుగా ఆడితే పాచి కదలదు. మొదట్లో ఆ బ్రష్షు ప్రతిసారీ ఎర్రగా బయటికి వచ్చేది. మానేయాలనిపించే ఆ దశలోనే ఇంకా శ్రద్ధగా చేయాలని చెప్పారు, కొన్ని వారాలకు బ్రష్షు తెల్లగా వచ్చింది. రెండు వారాలపాటు క్లోర్‌హెక్సిడిన్ పుక్కిలింపు ఇచ్చారు. దాంతో కాఫీ, టీ తాగేవారికి పళ్ళమీద గోధుమరంగు మరకలు పడతాయి కాబట్టి దాన్ని నెలల తరబడి వాడకూడదు.

వాపు దిగాక పళ్ళు పొడుగైనట్టు కనిపించాయి, సందులు బయటపడ్డాయి, చల్లని మజ్జిగ తాగితే జివ్వుమంది. క్లీనింగ్ వల్ల పళ్ళు వదులవుతాయన్న మాట ఇక్కడే పుట్టింది. ఆ సందుల్లో ఎముక ఎప్పుడో పోయింది. పోయిన ఎముక చోటును ఇన్నాళ్ళూ గార, ఉబ్బిన చిగురు కప్పి ఉంచాయి. వాపు తీసేసరికి అసలు నష్టం కంటికి కనిపించింది. నిజానికి కదిలే పళ్ళలో చాలావాటి కదలిక తగ్గింది, ఎందుకంటే వాపు పోయిన చిగురు బిగుసుకుని పంటిని పట్టుకుంది. జివ్వుమనడం ప్రత్యేకమైన టూత్‌పేస్టుతో కొన్ని నెలల్లో సద్దుమణిగింది.

మూడు నెలలకు మళ్ళీ కొలిచారు. ఏడులూ ఆరులూ చాలావరకు నాలుగుకో అంతకన్నా తక్కువకో వచ్చాయి, రక్తం కారే చోట్లు చాలా తగ్గాయి. హెచ్‌ఎస్-సీఆర్పీ 2.6 అయింది, హెచ్‌బిఏ1సి 7.7కు దిగింది. ఆ మధ్యలో షుగరు మాత్రలేవీ మార్చలేదు. ఆరు నెలలకు అవి 2.1, 7.4 అయ్యాయి. ఇదంతా చిగుళ్ళ పుణ్యమేనని నేను చెప్పను. ఒకే విషయం మీద జరిగిన పరిశోధనలన్నిటినీ కలిపి చూసే కాక్రేన్ సమీక్ష 2022లో వెలువడింది, దాని ప్రకారం చిగుళ్ళ చికిత్స వల్ల మూడు నాలుగు నెలల్లో హెచ్‌బిఏ1సి సగటున 0.43 తగ్గుతుంది. 2018లో లండన్‌లో ఏడాదిపాటు చేసిన పరిశోధనలో 0.6 తేడా కనిపించింది, 2013లో అమెరికాలో చేసిన పెద్ద పరిశోధనలో తేడాయే కనిపించలేదు. నాకు అంతకంటే ఎక్కువ తగ్గడానికి మరో కారణముందని నా అభిప్రాయం. నమలడానికి ఇబ్బందిగా ఉండి నేను ఏళ్ళ తరబడి మెత్తటి అన్నం, ఇడ్లీ, ఉప్మా, పాలలో నానబెట్టిన బ్రెడ్డు మీద బతికాను. ఇవన్నీ చక్కెరను త్వరగా పెంచేవే. ఇప్పుడు జొన్నరొట్టె, కీరా ముక్కలు, ఉడికించిన వేరుశనగలు నమిలి తింటున్నాను. షుగరు రోగికి పీచు తినమని చెప్పేవారు, అది నమలడానికి పళ్ళున్నాయా అని కూడా అడగాలి.

వాపును అణచడమే కాకుండా ముగించడమనే దాని మీద జరుగుతున్న పరిశోధన నాకు ఎక్కువ ఆశ కలిగిస్తోంది. వాపు దానంతట అది చల్లారిపోదని, చేపనూనెలో ఉండే ఒమేగా-3 కొవ్వుల నుంచి శరీరం రిజాల్విన్లు అనే పదార్థాలు తయారుచేసి దాన్ని పనిగట్టుకుని ముగిస్తుందని బోస్టన్‌లో చార్లెస్ సెర్హాన్ బృందం కనుగొంది. చిగుళ్ళ జబ్బు తెప్పించిన కుందేళ్ళకు రిజాల్విన్ ఇ1 పూస్తే వాపు తగ్గి, పోయిన ఎముక తిరిగి పెరిగి, సీఆర్పీ మామూలుకు వచ్చిందని 2007లో వెలువడింది. సూక్ష్మజీవులను చంపే మందేమీ వాడకపోయినా ఆ పోర్ఫైరోమోనాస్ కూడా కనిపించకుండా పోయింది. వాపే వాటికి తిండి కదా. ఇది ఇంకా మన క్లినిక్కుల్లో చికిత్సగా రాలేదు. ఇలాంటిదే మరొకటి ఇప్పటికే ఉంది: డాక్సీసైక్లిన్‌ను 20 మిల్లీగ్రాముల తక్కువ మోతాదులో ఇస్తే అది సూక్ష్మజీవులను చంపదు, నారలను తెంపే ఎంజైమును మాత్రం నిలువరిస్తుంది, అమెరికాలో దీనికి 1998లో అనుమతి వచ్చింది. నాకు దాని అవసరం పడలేదు.

పోయిన నా ఎముక తిరిగి రాలేదు, వస్తుందని డాక్టరమ్మ మొదటినుంచీ చెప్పలేదు. మూడు నెలలకోసారి వెళ్ళి కొలిపించుకుని, అవసరమైన చోట మళ్ళీ గీకించుకుంటున్నాను. కింది కుడి దవడపన్ను ఒకటి ఇంకా లొంగలేదు. దాని రెండు వేర్ల మధ్యలోకి జబ్బు పాకింది, అక్కడికి బ్రష్షూ చేరదు, పనిముట్టూ సరిగా చేరదు. వేసవి సెలవుల్లో చిగురును తెరిచి, వేర్లను కంటితో చూస్తూ శుభ్రం చేసి మళ్ళీ కుట్టే ఫ్లాప్ సర్జరీ చేస్తానని అన్నది. అప్పటికి హెచ్‌బిఏ1సి 7కు దించుకుని రమ్మని అడిగింది, గాయం మానడానికి అది అవసరమట. ఫిజీషియన్ గారికి ఆ సంగతి చెప్పాను. ఆయన నా ఫైలులో కళ్ళు, మూత్రపిండాలు, పాదాలు అని ఉన్న వరసలో చిగుళ్ళు అని ఇంకొక గడి గీసి, తారీఖు వేసి, ఆ లోతుల కొలతలు అందులో రాసుకున్నారు.